కిరీటం తీసిన తరువాతే రాజయ్యాడు: ముత్యాలమ్మ పండుగకు వచ్చిన యక్షగాన బృందంపై సమీక్ష

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో పండుగకో జాతరకో బాగోతం ఆడించాలని ఆలోచిస్తున్నవారికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నార్కట్‌పల్లి దగ్గరి మా ఊరిలో ముత్యాలమ్మ పండుగకు పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక యక్షగాన బృందం బాలనాగమ్మ కథను రాత్రంతా ఆడింది. నటుల గొప్పతనంతో పాటు లోపాలను కూడా చెప్పవలసి ఉన్నందున బృందం పేరు గానీ నటుల పేర్లు గానీ రాయడం లేదు. ఊరూరికీ ఈ కథ కొంత మారుతూ ఉంటుంది కాబట్టి, కథ విషయంలో నేను చెప్పేదంతా ఆ రాత్రి వారు ఆడి చూపినదే.

ముందుగా తీర్పు చెబుతాను. ఇది పిలవదగిన బృందం. పాట బాగుంది, మద్దెల మరీ బాగుంది, వేషాలు శుభ్రంగా ఉన్నాయి. కథానాయకుడి పాత్ర వేసిన యువకుడు మధ్యరాత్రి దాటాక చేసి చూపినటువంటి పని నేను చాలా కాలంగా ఏ వేదిక మీదా చూడలేదు. అదే యువకుడు తెల్లవారుజామున, కథకు అత్యంత ముఖ్యమైన చోట, పాత్రను వదిలేశాడు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా గురించే ప్రధానంగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మాయల ఫకీర్లు, ఏడు సముద్రాల అవతలి చిలుకలు, రాళ్ళైపోయే సైన్యాలు ఉన్న కథలో వీరుడి వేషం కట్టినవాడు నిజంగా ఆ వీరుడిగా ఉన్నాడా, లేక వీరుడిలా చేసి చూపించాడా అన్నదే చూడవలసిన విషయమని నా నమ్మకం.

దేవుళ్ళ వేషాలకు ఈ పరీక్ష అంత కఠినంగా ఉండదు. రాముడి వేషం తెర వెనుక నుంచి రాగానే ముసలివాళ్ళు చేతులు జోడిస్తారు. నటుడు సగం చేసినా మిగిలిన సగాన్ని చూసేవారి భక్తి నింపుతుంది. తరతరాలుగా యక్షగానం ఆడే చిందు కళాకారులు కట్టే ఎల్లమ్మ వేషం సంగతి ఇంకా వేరు, అక్కడ ఊరు నటుడిని చూడదు, అమ్మవారినే చూస్తుంది. ఈ కథలోని వీరుడు, బాలనాగమ్మ కొడుకు బాలవర్ధి రాజుకు మాత్రం గుడి లేదు, వ్రతం లేదు, ఆయన పేరు పెట్టుకుని మొక్కుకునేవారూ లేరు. ఉన్నది కథ ఒక్కటే. అతడిని నమ్మించవలసిన భారమంతా నటుడి ఒంటి మీదా గొంతు మీదా పడుతుంది.

కథ తెలియని యువతరం కోసం క్లుప్తంగా చెబుతాను. మాయల ఫకీరు జంగమ వేషంలో భిక్షకు వచ్చి, పసిబిడ్డను ఉయ్యాలలో వదిలి భిక్ష వేయడానికి వచ్చిన బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెదుక్కుంటూ వెళ్ళిన భర్త కార్యవర్ధి రాజును సైన్యంతో సహా రాళ్ళుగా మారుస్తాడు. ఉయ్యాలలోని బిడ్డ బాలవర్ధి పెరిగి పెద్దవాడై, గట్టుకు పూలు తీసుకుపోయే ఒక అవ్వ ఇంట్లో మనవడిగా చేరి, ఆ పూలబుట్టతోనే తల్లి దగ్గరికి చేరుకుంటాడు. ఫకీరు ప్రాణం సముద్రాల అవతల ఒక చిలుకలో ఉందని తెలుసుకుని, దానిని పట్టి తెచ్చి వాడిని చంపుతాడు.

ఈ కథలో దొంగా వేషం కట్టినవాడే, వీరుడూ వేషం కట్టినవాడే. ఫకీరు జంగముడు కాడు, బాలవర్ధి అవ్వకు మనవడూ కాడు. ఇద్దరూ తాము కానిదాన్ని ఒంటికి తగిలించుకుని ఒక ఇంటి గడప ముందు నిలబడ్డవారే. ఫకీరు పని అయిన మరుక్షణం వేషం విదిలించివేస్తాడు, భిక్ష వేసిన చేయి అతడికి ఏమీ కాదు. బాలవర్ధి మాత్రం అవ్వ పెట్టిన గటక తిని, అవ్వ తిట్లు పడి, అవ్వ పూలు కట్టి, ఆమెకు నిజంగానే బాకీ పడతాడు. నా దృష్టిలో అతడి వీరత్వం కత్తి పట్టిన చోట కాక ఇక్కడ ఉంది, కాబట్టి ఈ పాత్ర వేసే నటుడిని కూడా ఇక్కడే తూచాలి.

యక్షగానంలో ఒక నియమం ఉంది. తెర అడ్డుపెట్టి పట్టుకున్నప్పుడు దాని వెనుక నటుడు గజ్జెలు మోగించి, తెర తీయగానే తానెవరో, తన వంశమేమిటో, తన పరాక్రమమేమిటో దరువులో, అంటే తాళానికి తగ్గట్టు పాడే పాటలో, తానే చెప్పుకోవాలి. “మీరెవరు, మీ నామధేయమేమి?” అని సూత్రధారి అడుగుతాడు. ఈ పద్ధతి వల్ల మొదటి ప్రవేశంలో ప్రతి రాజూ గొప్ప రాజుగానే కనిపిస్తాడు. చెప్పుకోవడంలో ఎవరూ తక్కువ చేయరు. ఆ రాత్రి కార్యవర్ధి రాజు పాత్రధారి ప్రవేశం అందరికంటే ఘనంగా ఉంది. పొనికి కర్రతో చెక్కి అద్దపు బిళ్ళలు అతికించిన కిరీటం, మోచేతుల వరకు మెరిసే భుజకీర్తులు, అర్దళం పూసిన ముఖం మీద తీర్చిన మీసం, అన్నింటికీ మించి ఊరి చివర వరకు వినిపించే గొంతు. దరువు ముగిసేసరికి జనం చప్పట్లు కొట్టారు. అయితే ప్రతి పద్యం చివర అతడి కళ్ళు పక్కకు తిరిగాయి, మెచ్చి ఇచ్చే చదివింపుల నోటు పట్టుకుని ఎవరు లేస్తున్నారా అని. చివరకు కథలో రాయిగా మారిన తరువాత, వేదిక మూల కదలకుండా నిలబడవలసిన చోట, ఎవరో నోటు చూపించగా నాలుగు అడుగులు నడిచి వెళ్ళి అందుకుని, దండం పెట్టి, మళ్ళీ వచ్చి రాయిలా నిలబడ్డాడు. భర్త రాయైపోయాడని బాలనాగమ్మ పాత్రధారిణి ఆ పక్కనే ఏడుస్తూ పాడుతోంది. ఆ పాట అక్కడితో చచ్చిపోయింది, తరువాత ఆమె ఎంత ప్రయత్నించినా తిరిగి లేవలేదు.

చదివింపులు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. ఒప్పుకున్న మొత్తం పదిమందికి పైగా ఉన్న బృందానికి పంచితే ఏమంత మిగలదు; పండుగల కాలం పోతే వీరిలో చాలామందికి కూలి పనే దిక్కు. చదివింపులు వారికి హక్కుగా రావలసిన సొమ్ము. అడగవలసింది వేరు: ఆ సొమ్మును అందుకున్నది రాజా, నటుడా?

బాలవర్ధి పాత్ర వేసిన యువకుడు ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబును వివరంగా చెప్పాలి. అతడి మొదటి ప్రవేశం మామూలుగానే ఉంది. గొంతు సన్నం, అడుగు తడబడలేదు గానీ ఆకట్టుకోనూ లేదు. గట్టు దగ్గరికి చేరి మారువేషం వేసే ఘట్టంలో అతడు కిరీటాన్ని తీసి హార్మోనియం పెట్టె మీద పెట్టాడు, భుజకీర్తుల ముడులు తానే విప్పుకున్నాడు, తలకు రుమాలు చుట్టుకుని అవ్వ గుడిసె అని చెప్పుకున్న చోట, వట్టి నేల మీద కూర్చున్నాడు. అవ్వ వేషం వేసిన పెద్దాయన “ఏ ఊరు బిడ్డా నీది? తిన్నవా?” అని అడిగాడు. “తినలే అవ్వా” అన్నాడు, అంతే. ఆ రెండు మాటల్లో రాజసం లేదు, రాజసాన్ని దాచుకుంటున్నట్టు ప్రేక్షకులకు సైగ చేయడమూ లేదు. ఆకలిగా ఉన్న ఒక పిల్లవాడు మా ముందు కూర్చున్నాడు.

ఆ తరువాత పూలు కట్టడం మొదలుపెట్టాడు. కట్టినట్టు నటించలేదు, నిజంగానే బంతిపూలు, నార తెప్పించుకుని, దరువు సాగినంతసేపూ కట్టాడు. వంత పాడేవారు అతడి చేతివేగం చూసుకుని తాళం తగ్గించారు. నా పక్కన కూర్చున్న పూలమ్మే ఆమె ముందుకు వంగి అతడి వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. పూవు కాడలను రెండేసి ఎదురెదురుగా పెట్టి, నారను చుట్టి, బొటనవేలితో బిగించే తీరు పని నేర్చినవాడి తీరు. ఇది తన కోసం నేర్చుకున్నాడో, పాత్ర కోసం నేర్చుకున్నాడో అడగలేదు. ఎలా నేర్చుకున్నా ఆ మూరెడు దండ మా కళ్ళ ముందే తయారైంది.

ఆ మధ్యలోనే ఒక ముసలామె నోటు పట్టుకుని లేచింది. హార్మోనియం ఆగింది, మైకు పట్టుకున్నవాడు పేరు చదవబోయాడు. యువకుడు కూర్చున్న చోటు నుంచి లేవలేదు. రుమాలు కొసతో చేయి తుడుచుకుని, నోటు తీసుకుని కళ్ళకద్దుకుని, అప్పటికి కట్టిన దండను తెంపి ఆమె చేతిలో పెట్టి “మూరెడు చాలా అవ్వా?” అని అడిగాడు. ఆమె తల ఊపి, ఆ దండను కొప్పులో పెట్టుకుని వెళ్ళి కూర్చుంది. మద్దెల వాయించేవాడు వెంటనే అందుకున్నాడు. ఆ తరువాత వచ్చిన చదివింపులన్నీ పూల బేరాలైపోయాయి, కథ ఒక్క క్షణం కూడా ఆగలేదు. బయటి నుంచి వచ్చినదాన్ని పాత్ర లోపల నుంచి అందుకోవడం అంటే ఇదేనని నాకు అర్థమైంది. నటుడు తనను తాను మరిచిపోనక్కరలేదు. చేతికి నోటు వచ్చిందని అతడికి బాగా తెలుసు. తెలిసి కూడా దాన్ని పూలబ్బాయి చేతితోనే అందుకున్నాడు.

తల్లిని మొదటిసారి చూసే ఘట్టంలో కూడా అదే నిగ్రహం. పక్కన ఫకీరు మనుషులు ఉంటారు కాబట్టి కొడుకునని చెప్పుకునే వీలు లేదు. చాలా బృందాలు ఇక్కడ ప్రేక్షకుల వైపు తిరిగి ఒక పెద్ద శోకదరువు పాడిస్తాయి. ఇతడు బుట్ట దించి, “పూలు తెచ్చిన తల్లీ” అని మాత్రం అని, మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. బాలనాగమ్మ దండలను ఒక్కొక్కటే తీసుకుంటుంటే అతడు బుట్టను వదలలేదు. తెర తీసిన ప్రతిసారీ “నేనే ఫలానా రాజును” అని చెప్పుకోవడం నియమమైన ఈ కళలో, తానెవరో చెప్పుకోలేని ఆ కొద్దిసేపే అతడు పూర్తిగా రాజు అయ్యాడని నా అభిప్రాయం.

బాలనాగమ్మ పాత్రను స్త్రీయే వేసింది. స్త్రీ పాత్రలను మగవారే వేసే బృందాలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి, వారిలో మంచివారూ ఉన్నారు. చిందు కళలో స్త్రీలు వేదిక ఎక్కడం పాత సంగతే. నిజామాబాద్ ప్రాంతపు కళాకారిణి చిందు ఎల్లమ్మ స్త్రీ పాత్రలే కాక పురుష పాత్రలు కూడా వేసి పేరు పొందారు. ఒంటి తీరుకూ పాత్రకూ పొత్తు కుదరడమే నిజమైన నటన అనుకునేవారు ఆ విషయం గుర్తుంచుకోవాలి. అసలు వేషమే లేకుండా కూడా వీరుడు మన ముందు నిలబడగలడు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడేటప్పుడు కిరీటమూ లేదు, తెరా లేదు. ఉన్నది గొంతు, తంత్రులు, ఆ మనిషి మీద పాడేవారికి ఉన్న నమ్మకం. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, చిందు యక్షగానానికి గాను జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో వచ్చింది. ఈ గుర్తింపులు వచ్చినందుకు నాకు ఎంతో సంతోషం, అయితే పల్లెల్లో పిలిచి ఆడించేవారు లేకపోతే ఆ కళ పతకాల్లోనే ఉండిపోతుంది.

ఫకీరు పాత్రధారి గురించి రెండు మాటలు. జంగమ వేషంలో అతడు పాడిన తత్వం విని కొందరు ఆడవాళ్ళు నిజంగానే జోలెలో డబ్బులు వేశారు. పని అయ్యాక గొంతు, నడక, చూపు ఒక్కసారిగా మార్చి జోలెను పక్కకు విసిరేసిన తీరు గగుర్పాటు కలిగించింది. వేషాన్ని వాడుకుని పారేసే పాత్రకు అలా పారేయడమే న్యాయం, అతడు దానిని చక్కగా చేశాడు.

ఇక అసలు లోపం. తెల్లవారుజామున చిలుకను పట్టి తెచ్చే ఘట్టానికి కుర్రవాళ్ళంతా ముందు వరుసలోకి వచ్చి ఫోన్లు పైకెత్తారు. బాలవర్ధి మళ్ళీ కిరీటం పెట్టుకుని వచ్చాడు, చేతిలో ఆకుపచ్చ రంగు వేసిన చెక్క చిలుక. చిలుక కాలు విరిస్తే ఫకీరు కాలు విరగాలి, రెక్క విరిస్తే చేయి పడిపోవాలి. ఇది చాలా కష్టమైన ఘట్టం, ఎందుకంటే ఆ పక్షి ఏ పాపమూ చేయలేదు. వీరుడు తల్లి కోసం, రాళ్ళైన తండ్రీ సైన్యాల కోసం ఒక మూగజీవిని చంపవలసి వస్తోంది. పూలు కట్టిన ఆ చేతులు ఇక్కడ ఏం చేస్తాయో చూడాలని ఎంతో ఆశపడ్డాను. అతడు ఫోన్ల వైపు తిరిగి, తొడకొట్టి, సినిమా పద్ధతిలో నాలుగు సవాళ్ళు విసిరి, ఈలల మధ్య కాలు విరిచాడు. ఎవరో “మళ్ళొక్కసారి అన్నా!” అని అరిస్తే విరిచిన కాలునే మళ్ళీ విరిచాడు. ఫకీరు పాత్రధారి పాపం రెండోసారి కూడా కిందపడ్డాడు. రాత్రంతా నిద్ర లేకుండా ఆడిన మనిషి, జనం అడిగింది ఇచ్చాడు. అరిచినవారికీ ఇందులో వాటా ఉంది. అయినా రాయిగా ఉండి కదిలిన రాజుకూ, కాలును రెండుసార్లు విరిచిన ఈ రాజుకూ తేడా ఏముందని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. పాత్ర కట్టుకున్నవాడే దాన్ని నిలబెట్టాలి. ఎదుటివాడు ఏం అడిగినా ఇచ్చే చేయి పాత్రదే కావాలి. మధ్యరాత్రి అది అతడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టే ఇంత బాధగా రాస్తున్నాను.

దానికి తోడు, పొద్దు పొడుస్తోందని, ఫకీరు చావగానే మంగళహారతి పాడేశారు. తల్లినీ తండ్రినీ తీసుకుని వెళ్ళే ముందు బాలవర్ధి అవ్వ గుడిసెకు వెళ్ళి, తాను మనవడిని కానని ఒప్పుకుని, అయినా మనవడిగానే ఆమెను వెంట తీసుకుపోయే ఘట్టం పూర్తిగా ఎగిరిపోయింది. బృందం పెద్దమనిషిని అడిగితే, సమయం లేకపోతే ముందుగా తీసేసేది అదేనని, జనం చిలుక దగ్గరే లేచిపోతారని అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. నా మటుకు నాకు, ఆ ఘట్టం లేకపోతే బాలవర్ధి కూడా అవసరానికి వేషం కట్టి అవసరం తీరాక వదిలేసినవాడే అవుతాడు, ఫకీరు చేసినదానికీ అతడు చేసినదానికీ ఉన్న గీత చెరిగిపోతుంది.

ఈ బృందాన్నిగానీ మరో బృందాన్నిగానీ పిలిచేవారికి కొన్ని సూచనలు. ఒక రాత్రికి వీరు అడిగే మొత్తం, మన ఊళ్ళలో డీజేకు పెడుతున్న ఖర్చుకంటే తక్కువే, బేరమాడి ఇంకా తగ్గించడం న్యాయం కాదు. వేషాల పెట్టెలు బరువుగా ఉంటాయి, బండి ఏర్పాటు చేయండి. మైకుకు ఎకో పెట్టనివ్వకండి, పద్యంలో మాటలు ఒకదాని మీద ఒకటి పడి అర్థం పోతుంది. మా ఊరిలో మొదటి గంటంతా అదే జరిగింది. బోనాలు ఆలస్యమై ఆట దాదాపు పదకొండింటికి మొదలైంది, అందువల్లే చివర కోత పడింది. తొమ్మిదింటికల్లా తెర పట్టేలా చూసుకోండి. చదివింపుల కోసం పక్కన ఒక పళ్ళెం పెట్టి, ఘట్టం ముగిసినప్పుడు పేర్లన్నీ కలిపి చదివిస్తే నటులకు రావలసింది వస్తుంది, కథా ఆగదు. సమయం చాలకపోతే కార్యవర్ధి రాజు ప్రవేశదరువును తగ్గించమనండి, అది సగమైనా ఎవరికీ నష్టం లేదు.

అన్నింటికంటే ముఖ్యంగా, బయానా ఇచ్చేటప్పుడే అవ్వ గుడిసె ఘట్టం ఆడాలని మాట తీసుకోండి. మా పండుగ కమిటీ వారితో వచ్చే ఏటికి ఈ బృందాన్నే పిలవాలని, ఆ షరతు మీదే పిలవాలని మాట్లాడాను. పొద్దు పొడిచినా సరే ఆ ఘట్టం అయ్యాకే హారతి పాడించేందుకు వారు ఒప్పుకున్నారు.